తూటా కేసు మూతి కోత: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

అమెరికాలో ఇంట్లోనే తూటాలు మళ్ళీ నింపుకునే పాఠకుల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలా వాటిది ఒకటే సంగతి: కాల్చిన రైఫిల్ కేసులు సాగితే మూతి కోసి పొడవు సరిచేయడం. అందుకని ఈ సంచికలో శీర్షిక మొత్తం దానికే ఇస్తున్నాం. కొత్తవారి కోసం ఒక్క మాట: కేసు అంటే తుపాకీ మందునూ బులెట్‌నూ పట్టి ఉంచే ఇత్తడి గొట్టం. బులెట్ కూర్చునే కొన మూతి, దాని కింది సన్నటి భాగం మెడ, మెడ వెడల్పై ఒంటితో కలిసే వాలు భుజం, అడుగు అంచు రిమ్ము. అడుగున మందును అంటించే చిన్న మూత ప్రైమర్. అక్కడి పనిముట్ల లెక్కంతా అంగుళాల్లో ఉంటుంది కాబట్టి కొలతలూ అలాగే ఇచ్చాం. అంగుళంలో వెయ్యో వంతును మన లేత్ షాపుల్లో పిలిచినట్టే ‘థౌ’ అన్నాం. ఒక థౌ అంటే 0.0254 మి.మీ. తుపాకీ మందు ఎంత పోయాలన్న ప్రశ్నలకు ఇక్కడ జవాబివ్వం. మీరు వాడే బులెట్‌కూ మందుకూ అచ్చయిన తాజా మాన్యువల్లోనే అది చూసుకోవాలి.

ప్రశ్న: ఏఆర్-15 రైఫిల్లో కాల్చిన .223 రకం కేసులు పదిహేను వందలు పోగయ్యాయి. చేత్తో తిప్పే ట్రిమ్మర్ మీద ఒక్కొక్కటీ కోస్తుంటే మణికట్టు పట్టేస్తోంది. నిజంగా అన్నీ కోయాలా?
— ఒక పాఠకుడు, చాండ్లర్, అరిజోనా

జవాబు: అక్కర్లేదండీ. గరిష్ఠ పొడవు దాటినవీ, దాటబోతున్నవీ కోస్తే చాలు. .223 రెమింగ్టన్‌కు గరిష్ఠం 1.760 అంగుళాలు, కోసి ఉంచాల్సిన పొడవు 1.750. మధ్యలో ఉన్న ఆ పది థౌలు మీకున్న వెసులుబాటు. 1.752 ఉన్న కేసును మళ్ళీ 1.750కి దించడానికి పడే శ్రమ వృథా.

పొడవు ఎందుకు మించకూడదో ముందు చూడండి. రైఫిల్ చాంబర్లో, అంటే తూటా కూర్చునే గదిలో, కేసు మెడకు కేటాయించిన చోటు ముందువైపు ఒక మెట్టు దగ్గర ముగుస్తుంది. కేసు అంతకు మించి పొడుగైతే, చాంబర్‌ను వెనక నుంచి మూసే బోల్టు వేసినప్పుడు మూతి ఆ మెట్టుకు ఒత్తుకుని లోపలికి ముడుచుకుంటుంది, బులెట్‌ను పట్టేస్తుంది. పేలినప్పుడు మెడ వెడల్పై బులెట్‌ను వదలాలి. వదలడానికి చోటు లేకపోతే ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. .223కి మామూలుగానే చదరపు అంగుళానికి 55,000 పౌండ్ల దాకా ఒత్తిడికి అనుమతి ఉంది. దానిమీద పెరిగేది ఎంతన్నది ఎవరి చేతిలోనూ ఉండదు. పొడవు కొలవడం మానకూడనిది ఇందుకే. కోత మాత్రం అవసరమైతేనే.

ఇక పని వరస. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు: సైజింగ్ డైలో (కాల్చిన కేసును మళ్ళీ అసలు కొలతకు నొక్కే అచ్చు) పెట్టకముందే కొలిచి కోసేస్తారు. కాల్చిన కేసు పొట్ట ఉబ్బి ఉంటుంది. డై దాన్ని చుట్టూ నొక్కేసరికి ఇత్తడికి పక్కకు చోటు దొరక్క పైకి పాకుతుంది. కోసి పక్కన పెట్టిన కేసు సైజింగ్ తర్వాత మళ్ళీ అయిదారు థౌలు పొడుగు కావచ్చు. అందుకని ముందు శుభ్రం చేసి, లూబ్ (జారుడు పూత) రాసి, ప్రైమర్ తీసి సైజు చేసి, లూబ్ తుడిచి, అప్పుడు కొలవాలి. కోత ఆ తర్వాతే. చివర్న మూతి లోపలా బయటా అంచు తీయడం.

పదిహేను వందలూ కాలిపర్‌తో కొలవాలంటే అదో పెద్ద పని. దాని బదులు .223 కేస్ గేజ్ ఒకటి కొనండి. లోపల చాంబర్ ఆకారంలో తొలిచిన చిన్న ఇనుప దిమ్మె అది. మూతి వైపు రెండు మెట్లుంటాయి. కేసు జారవిడిస్తే మూతి పై మెట్టు దాటి బయటికొచ్చినవి ఒక డబ్బాలోకి, దాటనివి ఇంకో డబ్బాలోకి వేసుకుంటూ పోవచ్చు. కాలిపర్ చదివే సమయంలో నాలుగో వంతు కూడా పట్టదు. పైగా కింద అంచు గేజ్‌లో ఎక్కడ నిలిచిందో చూస్తే భుజం సరైన చోట ఉందో లేదో అదే చూపులో తేలిపోతుంది. ఒకే మూలం నుంచి, ఒకే సారి కాల్చినవైతే పదిహేను వందల్లో మీరు కోయాల్సినవి బాగా తగ్గుతాయి. రేంజ్‌లో ఏరుకొచ్చిన కలగాపులగం అయితే మాత్రం మొదటిసారికి అన్నీ ఒకే పొడవుకు తెచ్చేసుకోవడం మంచిది. తర్వాతి రెండు మూడు విడతలు గేజ్ పరీక్షతోనే సరిపెట్టుకోవచ్చు.

మిగతా కాలిబర్లకు అడిగినవారి కోసం: .308 వించెస్టర్‌కు గరిష్ఠం 2.015, కోత 2.005. .30-06కు 2.494, 2.484. 6.5 క్రీడ్‌మోర్‌కు 1.920, 1.910. .243 వించెస్టర్‌కు 2.045, 2.035. అన్నిట్లోనూ ఆ పది థౌల తేడాయే కనిపిస్తుంది.

ప్రశ్న: ట్రిమ్మర్లు ముప్ఫై డాలర్ల లోపు నుంచి కొన్ని వందల డాలర్ల దాకా ఉన్నాయి. నెలకు రెండు మూడు వందల కేసులకు ఏది సరిపోతుంది? డబ్బు ఎక్కువ పెడితే నిజంగా తేడా ఉంటుందా?
— ఒక పాఠకురాలు, కేటీ, టెక్సస్

జవాబు: ఉంటుందండీ. అయితే డబ్బు దేనికి పెడుతున్నారో తెలిసి పెట్టాలి. కొన్ని యంత్రాలు వేగానికి, కొన్ని ఖచ్చితత్వానికి, కొన్ని మూతి కోసి, లోపలి అంచు, బయటి అంచు తీసే మూడు పనులు ఒకేసారి చేయడానికి. కేసును యంత్రం ఏ భాగం ఆధారంగా పట్టుకుంటుందో చూస్తే చాలావరకు తెలిసిపోతుంది.

అన్నిటికంటే చవకది లీ కంపెనీ గేజ్-కట్టర్ జత. కట్టర్ మధ్యలోంచి సన్నటి పుల్ల ఒకటి దిగి, కేసు అడుగున ప్రైమర్ రంధ్రంలోంచి దూరి, కేసును పట్టి ఉంచే మరకు తగిలి ఆగుతుంది. ఆ పుల్ల పొడవే కోత పొడవు. సెట్ చేసుకోవాల్సింది ఏమీ లేదు, తప్పు సెట్ చేసే భయమూ లేదు. కేసు పట్టే మరను డ్రిల్ మెషిన్‌కు బిగించి, కట్టర్‌కు చెక్క పిడి ఉన్నది తీసుకుంటే నెలకు రెండు వందలు హాయిగా అవుతాయి. మీకు మేం ముందు చెప్పేది ఇదే. లోపం ఒక్కటి: పొడవు మార్చుకోలేరు. తగ్గించాలంటే పుల్ల కొనను సానరాయి మీద కొద్దికొద్దిగా అరగదీయాలి. పెంచడం కుదరదు.

తర్వాత చేతి లేత్‌లు. లైమన్, ఆర్‌సీబీఎస్, హోర్నడీ, ఫోర్‌స్టర్ చేసేవి. వెనక కాలెట్ అనే బిగింపు కేసు రిమ్మును పట్టుకుంటుంది, ముందు పైలట్ అనే కడ్డీ మెడలోకి దూరుతుంది. ఏ కాలిబరైనా కోయొచ్చు, పొడవు మీ ఇష్టం. వేగం మాత్రం లేదు. పైగా రిమ్ము మందం కేసు కేసుకూ మారుతుంది, కాల్చిన కేసును బయటికి లాగే కొక్కెం (ఎక్స్‌ట్రాక్టర్) పట్టిన చోట గరుకు లేచి ఉంటుంది. కాలెట్ ఆ తేడాలను పొడవులోకి తెచ్చిపెడుతుంది. రెండు మూడు థౌల ఊగిసలాట ఇక్కడ మామూలే. ఎల్.ఇ. విల్సన్ ట్రిమ్మర్ కేసు ఒంటిని గుంట ఆకారపు హోల్డర్లో తట్టి బిగించి, అడుగుభాగాన్ని ఆధారంగా తీసుకుంటుంది. లక్ష్యం మీద దెబ్బలన్నీ దగ్గర దగ్గరగా పడాలని కష్టపడే బోల్ట్ రైఫిల్ (ఒక్కో తూటాకూ బోల్టును చేత్తో తీసి వేసేది) వాళ్ళు దీన్ని ఇష్టపడటానికి కారణం అదే. మూతి కూడా సమానంగా, నిలువుకు లంబంగా వస్తుంది.

మూడో రకం భుజాన్ని ఆధారంగా తీసుకునేవి. డ్రిల్‌కు బిగించే డబ్ల్యూఎఫ్‌టీ ఇలాంటిదే. కేసును చేత్తో పట్టి లోపలికి నెట్టి, శబ్దం ఆగేదాకా ఉంచి తీయడమే. బిగించడం, విప్పడం లేదు. ఒక్కో కేసుకు కొన్ని సెకన్లు. జిరాడ్ పవర్ ట్రిమ్మర్ కూడా భుజం మీదే ఆగుతుంది, కానీ దాని కార్బైడ్ బ్లేడు ఆకారం మూతి కోస్తూనే లోపలి అంచు, బయటి అంచు కూడా తీసేస్తుంది. ఇక్కడే అసలు ఆదా. కోత ఒక్కటే వేగంగా చేసి, తర్వాత రెండు అంచులు చేత్తో తీస్తూ కూర్చుంటే గంట పని గంటగానే మిగులుతుంది. ఎంత ఖర్చు పెట్టాలని ఆలోచించేవారు కోత వేగం కాదు, ఒక కేసును మొత్తం ఎన్నిసార్లు చేతిలోకి తీసుకోవాల్సి వస్తోందో లెక్కపెట్టండి.

నెలకు వేలల్లో చేసేవారికి డిల్లన్ ఆర్‌టీ1500 లాంటివి ఉన్నాయి. కేసును డైలోకి నెట్టే ప్రెస్ మీద ప్రత్యేక డై ఉంటుంది, దాని పైన మోటారు. కేసు పైకి వెళ్ళేసరికి సైజింగ్, కోత రెండూ అయిపోతాయి. తురుమును వాక్యూమ్ పీల్చేస్తుంది. ఇది కొన్నవారు మరిచిపోయే సంగతి ఒకటుంది. ఆ డైలో మెడను లోపలి నుంచి వెడల్పు చేసే గుండు ఉండదు. కోత అయ్యాక మెడ బిగుతుగా, లోపల సన్నటి గరుకుతో మిగులుతుంది. తర్వాత మాండ్రెల్‌తో (మెడలోకి నెట్టే నున్నటి కడ్డీ) గానీ, గుండు ఉన్న డైతో గానీ మెడ సరిచేయకుండా బులెట్ కూర్చోబెట్టకండి. ప్రైమర్ కూడా ముందే తీసి ఉండాలి.

నెలకు మూడు వందల్లోపు, ఒకటే కాలిబర్ అయితే లీ. వెయ్యి దాటి, రెండు మూడు కాలిబర్లయితే మూడు పనులు కలిపి చేసేది. మధ్యలో ఉన్నవాళ్ళకు డ్రిల్‌కు తగిలించే భుజం రకం.

ప్రశ్న: డ్రిల్‌కు పెట్టే ట్రిమ్మర్ కొన్నాను. 1.750కి సెట్ చేస్తే కేసులు 1.744 నుంచి 1.756 దాకా వస్తున్నాయి. యంత్రం పాడైందా?
— ఒక పాఠకుడు, హాఫ్‌మన్ ఎస్టేట్స్, ఇల్లినాయ్

జవాబు: యంత్రం మీద అనుమానం చివర్న పెట్టుకుందాం. భుజాన్ని పట్టుకునే ట్రిమ్మర్ స్థిరంగా ఉంచేది భుజం నుంచి మూతి దాకా ఉన్న దూరాన్ని మాత్రమే. అడుగు నుంచి భుజం దాకా ఉన్న దూరం మీ సైజింగ్ డై ఇచ్చింది. ఆ దూరం నాలుగు థౌలు మారితే మొత్తం పొడవూ సరిగ్గా నాలుగు థౌలు మారుతుంది. కాబట్టి ముందు భుజం కొలవాలి. కాలిపర్‌కు తగిలించి భుజం దూరం చూసే కంపారేటర్‌తో ఇరవై కేసులు కొలిచి రాసుకోండి. పొట్టిగా వచ్చిన కేసులకు భుజం కూడా వెనక్కి ఉందంటే దోషం సైజింగ్‌లోనే.

భుజం ఎందుకు మారుతుంది? ఇత్తడి గట్టిదనం ఒకేలా లేకపోవడం మొదటి కారణం. అయిదుసార్లు కాల్చిన కేసు, ఒక్కసారి కాల్చిన కేసు ఒకే డైలోకి వెళ్ళినా స్ప్రింగులా వెనక్కి తిరిగే తీరు వేరు. వేర్వేరు కంపెనీల ముద్రలున్నవి కలిపేసినా ఇంతే. ముద్ర చూసి వేరు చేయండి, కాల్చిన లెక్క ప్రకారం సంచులు పెట్టుకోండి. ప్రెస్ పిడి పూర్తిగా దించాక ఒక సెకను అలాగే ఉంచి లేపితే భుజం మరింత నిలకడగా నిలుస్తుంది. లూబ్ కొన్నిటికి ఎక్కువ, కొన్నిటికి తక్కువ రాసినా తేడా వస్తుంది.

భుజాలు సమానంగానే ఉన్నాయని తేలితే అప్పుడు ట్రిమ్మర్ లోపల చూడండి. భుజం ఆనే చోట ఇత్తడి తురుము చేరితే కేసు పూర్తిగా లోపలికి పోదు, అందుకని పొడుగ్గా వస్తుంది. కేసుకు లూబ్ మిగిలి ఉంటే తురుము అక్కడ అంటుకుపోతుంది. పాతిక కేసులకోసారి బ్రష్‌తో దులిపేయండి. కట్టర్‌ను బిగించే చిన్న స్క్రూ వదులైందేమో చూడండి. డ్రిల్ అదురుకు అది మెల్లగా జరుగుతుంది. నెట్టే బలం కూడా ఒకేలా ఉండాలి. శబ్దం ఆగాక కేసును అర చుట్టు తిప్పి తీస్తే మూతి చుట్టూ సమానంగా తెగుతుంది.

కొలతలోనూ పొరపాటు దొర్లుతుంది. కోసిన వెంటనే మూతికి సన్నటి గరుకు లేచి ఉంటుంది. అది రెండు మూడు థౌలు ఎక్కువ చూపిస్తుంది. అంచు తీశాకే కొలవండి. ఒకే కేసును మూడుచోట్ల తిప్పి కొలిస్తే మూతి ఏటవాలుగా ఉందో లేదో తెలుస్తుంది.

తర్వాతి తూటాను తానే ఎక్కించుకునే సెమీ ఆటోమేటిక్‌కు రెండు మూడు థౌల తేడా వస్తే పట్టించుకోకండి. బులెట్ గాడిలోకి మూతిని నొక్కి క్రింప్ చేసేవారు మాత్రం పట్టించుకోవాలి. పొడుగు కేసుకు క్రింప్ ఎక్కువ పడుతుంది, ఆ అదనపు ఒత్తిడికి భుజం ఉబ్బితే తూటా చాంబర్లోకి పోదు.

ప్రశ్న: బోల్ట్ రైఫిల్, .308. ప్రతిసారీ కాల్చి సైజు చేస్తే ఎనిమిది తొమ్మిది థౌలు పెరుగుతోంది. ఇప్పటికి అయిదుసార్లు కోశాను. ఇంకా ఎన్నిసార్లు కోయొచ్చు? మెడ పగుళ్ళకు ఏం చేయాలి?
— ఒక పాఠకుడు, బాయిసీ, ఐడహో

జవాబు: ఈ సంచికలో మేం అందరికంటే ముందు చదవమని కోరేది మీ ప్రశ్నే. దయచేసి ఇంకొక్కసారి కూడా కోయకండి. ముందు లోపల చూడండి.

మూతి దగ్గర మీరు కోసి పారేస్తున్న ఇత్తడి ఎక్కడి నుంచి వచ్చిందో ఆలోచించండి. కేసు పేలినప్పుడు దాని ముందు భాగం చాంబర్ గోడకు అతుక్కుంటుంది. అడుగు భాగం మాత్రం బోల్టు ముఖం దాకా వెనక్కి నెట్టుకుపోతుంది. ఆ రెండిటి మధ్య, గట్టి అడుగు ముగిసి సన్నటి గోడ మొదలయ్యే చోట, కేసు సాగుతుంది. డైలో మళ్ళీ నొక్కినప్పుడు ఆ సాగిన ఇత్తడే ముందుకు పాకి మెడలోకి చేరుతుంది. అయిదుసార్లలో నలభై థౌలకు పైగా కోశారంటే కింద గోడ అంత పల్చబడిందన్నమాట. అక్కడ కేసు రెండు ముక్కలైతే వేడి వాయువు బోల్టు వైపు, మీ ముఖం వైపు దూసుకొస్తుంది.

పేపర్ క్లిప్ ఒకటి విప్పి, కొన రెండు మి.మీ. లంబంగా వంచి, ఆ కొనను ఆకురాయితో పదును చేయండి. కేసులోకి దించి, అడుగు నుంచి లోపలి గోడ వెంట పైకి గీస్తూ రండి. గాడిలో పడ్డట్టు తగిలితే ఆ కేసు చెత్తబుట్టకే. తగలకపోయినా, అడుగు నుంచి పావు నుంచి అర అంగుళం ఎత్తులో చుట్టూ మెరిసే ఉంగరం కనిపిస్తే అదీ పారేయండి. ఒక్కటి ఇలా తేలితే ఆ సంచిలో తక్కినవన్నీ అదే దారిలో ఉన్నట్టే లెక్క. పారేసేముందు మూతిని ప్లయర్‌తో నలిపేయండి, పొరపాటున మళ్ళీ ఎవరూ నింపకుండా.

ఇక ఇంతగా ఎందుకు సాగుతోంది? డై మరీ కిందికి తిప్పి ఉంది, భుజాన్ని అవసరానికి మించి వెనక్కి నెడుతోంది. ప్రెస్‌లో కేసు అడుగును పట్టుకునే షెల్ హోల్డర్‌కు డై తగిలాక ఇంకో పావు చుట్టు తిప్పండి అని డై కాగితంలో రాసి ఉంటుంది. అది అన్ని రైఫిళ్ళకూ పనికొచ్చే మాట, మీ ఒక్క రైఫిల్‌కు కొలిచి చెప్పింది కాదు. కాల్చిన కేసుకు ప్రైమర్ తీసి, భుజం కంపారేటర్‌తో కొలిచి రాసుకోండి. సైజు చేశాక అదే కొలత బోల్ట్ రైఫిల్లో ఒకటి రెండు థౌలు తగ్గాలి, అంతే. సెమీ ఆటోమేటిక్‌కు మూడు నాలుగు. డై మర అంగుళానికి పద్నాలుగు చుట్లు. ఒక చుట్టు సుమారు 71 థౌలు. కాబట్టి పది డిగ్రీలు తిప్పితే దాదాపు రెండు థౌలు. డై పైన మార్కర్‌తో గీత పెట్టుకుని అంతంత చొప్పున తిప్పుకోండి. ఇక్కడ చాలామందిని తికమకపెట్టే సంగతి ఒకటుంది. డైని పైకి ఉంచి మొదలుపెడితే భుజం కొలత మొదట తగ్గదు, పెరుగుతుంది. పక్కల నుంచి నొక్కుడుకు భుజం పైకి లేస్తుంది. ఇంకా కిందికి తిప్పితే డై భుజాన్ని తాకి అప్పుడు వెనక్కి నెడుతుంది. పెరిగిందని కంగారుపడి ఒక్కసారిగా అర చుట్టు తిప్పేయకండి.

రెండో కారణం మెడ లోపలి గుండు. డై నుంచి కేసును లాగేటప్పుడు పొడి మెడలోంచి ఆ గుండు కిర్రుమంటూ వస్తుంటే మెడనూ భుజాన్నీ పైకి లాగేస్తోందని అర్థం. మెడ లోపల బ్రష్‌తో కొంచెం పొడి లూబ్ గానీ మైనం గానీ రాయండి. గుండు తీసేసి, విడిగా మాండ్రెల్‌తో పై నుంచి నెట్టి మెడ వెడల్పు చేస్తే లాగుడే ఉండదు. ఈ రెండూ సరిచేస్తే మంచి కేసుల్లో పెరుగుదల విడతకు రెండు మూడు థౌలకు దిగుతుంది. అప్పుడు మూడు నాలుగు విడతలకోసారి కోత చాలు. కోత పని వేగంగా పూర్తిచేసే దారి వెతికేవారికి ఇంతకు మించిన యంత్రం లేదు.

మెడ పగుళ్ళ గురించి కూడా అడిగారు. తూటా ఇత్తడిలో 70 పాళ్ళు రాగి, 30 పాళ్ళు జింకు. కొట్టిన కొద్దీ, సాగదీసిన కొద్దీ అది గట్టిపడి పెళుసవుతుంది. పెంబర్తి కంచరివారు రేకు కొడుతూ మధ్యమధ్య కాల్చి మెత్తబరచేది ఇందుకే. కేసు మెడకూ భుజానికీ అదే వైద్యం పనిచేస్తుంది. కానీ అడుగు భాగానికి వేడి తగలనే కూడదు. అడుగు మెత్తబడిన కేసు ఒత్తిడిని ఆపలేదు. మంటలో కేసు తిరుగుతూ ఉండాలి, ఉష్ణోగ్రతకు కరిగే రంగు వాడి చూసుకోవాలి. చీకట్లో ఎర్రగా వెలిగేదాకా ఉంచడం ఎక్కువే.

ప్రశ్న: మూతి లోపల అంచు ఎంత తీయాలి? కొందరు కత్తిలా పదునుగా ఉండాలంటున్నారు.
— ఒక పాఠకుడు, కేరీ, నార్త్ కరోలినా

జవాబు: కత్తిలా అసలే వద్దు. మూతి గోడ అంచు చదునుగా కొంత మిగలాలి. లోపల అంచు తీసేది బులెట్ అడుగు గీసుకుపోకుండా దూరడానికి మాత్రమే. సాధనాన్ని తేలిగ్గా పట్టుకుని రెండు చుట్లు లోపల, ఒకటి రెండు చుట్లు బయట తిప్పండి. గోరు మూతి మీదుగా జార్చితే ఎక్కడా పట్టకూడదు. మరీ పదునైతే అక్కడి నుంచే పగులు మొదలవుతుంది, పొడవు కూడా ఒకటి రెండు థౌలు తగ్గిపోతుంది. వెనక సన్నబడే బోట్‌టెయిల్ బులెట్లకు తక్కువ చాలు. అడుగు చదునుగా ఉండే వాటికి కాస్త ఎక్కువ.

స్టీలు పిన్నులతో నీళ్ళలో తిప్పి శుభ్రం చేసేవారు ఒకటి గమనించాలి. గంటల తరబడి తిప్పితే కేసులు ఒకదానికొకటి తగిలి మూతులు అణిగి లోపలికి ముడుచుకుంటాయి. అంచు ముందే తీసి ఆ తర్వాత తిప్పితే మీ పని అంతా పోతుంది. తిప్పడం, ఆరబెట్టడం ముందు, కోత తర్వాత. అంచు తీసిన కేసులను చివర్న ఒక్కొక్కటీ తలకిందులుగా పెట్టి తట్టండి. లోపల మిగిలిన తురుము రాలిపోవాలి.

ప్రశ్న: పాత .223 కేసుల నుంచి .300 బ్లాకౌట్ అనే పొట్టి రకం కేసులు చేసుకోవచ్చా? అంత పొడవు ట్రిమ్మర్‌తో కోయాలంటే రోజంతా పడుతుంది కదా?
— ఒక పాఠకుడు, ఫీనిక్స్, అరిజోనా

జవాబు: చేసుకోవచ్చు. ట్రిమ్మర్‌తో మొత్తం కోయరు. రెండంగుళాల చక్రం ఉన్న చిన్న కట్‌ఆఫ్ రంపంతో, కేసు ఒకే లోతుకు ఆగేలా దిమ్మె పెట్టుకుని, భుజం కింద సుమారు 1.400 అంగుళాల దగ్గర మెడనూ భుజాన్నీ తెగ్గోస్తారు. కళ్ళద్దాలు తప్పనిసరి. తర్వాత అంచు గరుకు తీసి, లూబ్ ధారాళంగా రాసి .300 బ్లాకౌట్ డైలో పెడితే కొత్త భుజం, కొత్త మెడ తయారవుతాయి. అప్పుడు ట్రిమ్మర్‌తో చివరి కోత. గరిష్ఠం 1.368, కోత 1.358. రంపం దగ్గరే మరీ కురచగా కోసేస్తే మళ్ళీ సాగదీసే దారి లేదు, అందుకే ఆ నలభై థౌల మిగులు.

అసలు ప్రమాదం మెడ మందంలో ఉంది. పాత కేసు ఒళ్ళు ఇప్పుడు మెడ అయింది, ఒంటి గోడ పాత మెడ కన్నా దళసరి. బులెట్ 0.308, నింపిన తూటా మెడ బయట 0.334 మించకూడదు. అంటే గోడ ఒక్కోవైపు పదమూడు థౌలలోపే ఉండాలి, చాంబర్లో వెసులుబాటు కోసం పన్నెండు దాటనివ్వకండి. గుండ్రటి కొన ఉన్న మైక్రోమీటర్‌తో కొలవండి. కొన్ని కంపెనీల ఇత్తడి ఇందుకు పనికిరాదు. ముద్రల వారీగా వేరు చేసుకుని మందం చూశాకే రంపం పట్టండి. ఇంకో సంగతి: .300 బ్లాకౌట్ తూటా కొన్ని సందర్భాల్లో .223 తుపాకీలోకి దూరి బోల్టు మూసుకుంటుంది. పేలిస్తే తుపాకీ బద్దలవుతుంది. మ్యాగజీన్లు, డబ్బాలు, రోజు వాడే తుపాకులు వేరు వేరుగా, పెద్ద అక్షరాలతో గుర్తు పెట్టి ఉంచండి. ఒకే బల్ల మీద రెండూ ఒకేసారి నింపకండి.

ప్రశ్న: హెచ్-1బి మీద ఉన్నాను. తుపాకీ లేదు. స్నేహితుడి గ్యారేజీలో కేసులు కోసి సాయం చేస్తుంటాను, కొన్ని మా ఇంటికి తెచ్చుకుని కోస్తాను. దసరాకు హైదరాబాద్ వెళ్తున్నాను. రైఫిల్ క్లబ్బులో ఉన్న మా బావగారికి ఈ ట్రిమ్మర్ ఉపయోగపడుతుందా?
— ఒక పాఠకుడు, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: కేసులు ఇంటికి తెచ్చుకోవడం ఈరోజే ఆపండి. అమెరికా ఫెడరల్ చట్టం 18వ టైటిల్, 922(జి)(5) ప్రకారం నాన్‌ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. తూటా అన్న మాటకు అదే చట్టం 921(ఎ)(17)లో ఇచ్చిన నిర్వచనంలో ఖాళీ కేసు, ప్రైమర్, బులెట్, మందు అన్నీ విడివిడిగా ఉన్నాయి. అందుకని మీ సంచిలో ఉన్న ఖాళీ ఇత్తడిని కూడా చట్టం తూటాగా చూడవచ్చు. రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ నిషేధం వర్తించదు. సొంతానికి తూటాలు నింపుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు. అమ్మడానికి నింపితే 06 రకం లైసెన్సు కావాలి. రాష్ట్రాల నిబంధనలు వేరు, మీ విషయంలో వీసా సంగతి కూడా ఉంది కనుక గ్యారేజీలో మళ్ళీ అడుగుపెట్టేముందు న్యాయవాదిని అడగండి.

హైదరాబాద్‌కు ట్రిమ్మర్ తీసుకెళ్ళకండి. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 5 ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయకూడదు. తూటాల భాగాలు, వాటిని తయారుచేసే యంత్రసామగ్రి కూడా ఆ చట్టం నిర్వచనంలోకే వస్తాయి. మీ బావగారు క్లబ్బులో .22 రిమ్‌ఫైర్ కాలుస్తుంటే దానికి ఎలాగూ ఈ పని అవసరం లేదు. దాని మండే మసాలా రిమ్ము లోపలే ఉంటుంది, మళ్ళీ నింపడానికి చేసిన తూటా కాదది. ప్రయాణానికి ముందు రేంజ్‌కు వాడిన సంచులు, జాకెట్ జేబులు, సూట్‌కేసు అంచుల్లోని మడతలు వెలుతురులో దులిపి చూడండి. ఒక్క ఖాళీ కేసు దొరికినా విమానాశ్రయంలో ఆపేస్తారు. రేంజ్ సంచిని ప్రయాణానికి అసలు వాడకపోవడమే మంచిది.

ప్రశ్న: మావారు వంటింటి పక్కన గదిలో కేసులు కోస్తారు. మూడేళ్ళ పాప ఉంది. ఇత్తడి తురుము ప్రమాదమా?
— ఒక పాఠకురాలు, రౌండ్ రాక్, టెక్సస్

జవాబు: తురుము గుచ్చుకుంటుంది, కంట్లో పడితే గాయం చేస్తుంది. దానికంటే ఎక్కువ భయపడాల్సింది కంటికి కనిపించని సీసం (లెడ్) అనే లోహానికి. చాలా ప్రైమర్లలో సీసం సమ్మేళనం ఉంటుంది. కాల్చిన కేసు లోపలి మసిలో అది చేరుతుంది. కేసులను నీళ్ళు లేకుండా పొడి రజనుతో కలిపి తిప్పి శుభ్రం చేసినప్పుడు ఆ మసి దుమ్ముగా లేస్తుంది. చిన్నపిల్లల మెదడుకు సీసం చాలా చెడ్డది, వాళ్ళు నేల మీద పాకుతారు, చేతులు నోట్లో పెట్టుకుంటారు. ఆ పని ఇంట్లోంచి గ్యారేజీకి మారాలి. ఇందులో బేరం లేదు.

గ్యారేజీలో కూడా కార్పెట్ ఉన్న చోట వద్దు. ఇత్తడి అయస్కాంతానికి అంటుకోదు, కార్పెట్‌లో పడిన తురుము ఏళ్ళ తరబడి ఉంటుంది. ట్రిమ్మర్ కింద అంచులున్న పళ్ళెం పెట్టి, తడి గుడ్డతో తుడవాలి. పొడి చీపురు వాడితే దుమ్ము లేస్తుంది. మామూలు వాక్యూమ్ సన్నటి దుమ్మును వెనక నుంచి గాల్లోకి వదిలేస్తుంది, హెపా ఫిల్టర్ ఉన్నది కావాలి. కేసులను తడి పద్ధతిలో శుభ్రం చేసి ఆరబెట్టి, ఆ తర్వాత కోస్తే దుమ్ము బాగా తగ్గుతుంది. ఆ మురికి నీళ్ళు వంటింటి సింకులో పోయకూడదు. పని చేస్తున్నంతసేపూ టీ, చిరుతిండి వద్దు. అయ్యాక సబ్బుతో చేతులు, ముంజేతులు కడిగి, చొక్కా మార్చుకుని పాపను ఎత్తుకోవాలి. ఇప్పటిదాకా ఆ గదిలో పని సాగింది కనుక, పాపకు రక్తంలో సీసం పరీక్ష చేయించమని పిల్లల డాక్టరును అడగండి. మామూలు రక్త పరీక్షే.

ప్రశ్న: పొరపాటున ముప్ఫై కేసులు 1.740కి కోసేశాను. పారేయాలా?
— ఒక పాఠకుడు, నేపర్‌విల్, ఇల్లినాయ్

జవాబు: పారేయకండి. పొట్టి కేసు ఒత్తిడి పెంచదు. మెడ పట్టు కొద్దిగా తగ్గుతుంది, చాంబర్లో మెడ ముందు మిగిలిన ఖాళీలో మసి పేరుకుంటుంది. కాబట్టి తర్వాత మామూలు పొడవు కేసులు వాడేముందు చాంబర్ బ్రష్‌తో అక్కడ తోమండి. క్రింప్ చేసేట్లయితే మాత్రం ఈ ముప్ఫైకీ డైని విడిగా సెట్ చేసుకోవాలి. వేరే సంచిలో వేసి ‘1.740’ అని రాసి పెట్టండి. మూడు నాలుగు విడతలు కాల్చేసరికి అవే 1.750కి వస్తాయి.